ఫొటో కింద మూడో లైను

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఉన్న మహేశ్వర్ కొట్లో ఫ్లెక్సీ చేయించుకోని మనిషి ఆ చుట్టుపట్ల ఉన్నాడంటే వాడింకా పుట్టలేదనే లెక్క. పుడితే తొట్టెల ఫ్లెక్సీ, ఆ తర్వాత పుట్టినరోజు, ఓణీల ఫంక్షను, పెళ్ళి, వార్డు మెంబరుగా నిలబడితే ఒకటి, గెలిస్తే ఇంకొకటి, చివరాఖరికి శ్రద్ధాంజలి. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో మాట ఇది. నాదర్‌గుల్ నుంచి మహేశ్వరం దాకా ఎటు చూసినా వెంచర్లే. జొన్న చేలల్లో జొన్న కంటే ఎత్తుగా ప్లాట్ల ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో సగం మహేశ్వర్ కంప్యూటర్లోంచి వచ్చినవే.

పనిలో అతనికో పద్ధతి ఉంది. ఒక్కో సందర్భానికి ఒక్కో ఫైలు ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాడు. గిరాకీ రాగానే ఆ ఫైలు తెరిచి పాత మొహం తీసి కొత్త మొహం పెట్టడమే. పెళ్ళికూతురి వెనకాల గులాబీలు, లీడరు వెనకాల జనసముద్రం, పోయినవాళ్ళ వెనకాల మబ్బులు. కింద మూలన మాత్రం 'మహేశ్వర్ గ్రాఫిక్స్' అనీ, ఫోన్ నంబరూ పడాల్సిందే. అది పడందే దేవుడి ఫ్లెక్సీనైనా గడప దాటనిచ్చేవాడు కాదు. తన చెయ్యి పడితే ఎంతటివాడైనా ఒక మెట్టు పైకెక్కుతాడని అతని నమ్మకం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

అలాంటివాడి చేతిలో పడింది వీరస్వామి బ్లాగు.

వీరస్వామి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మహేశ్వర్‌ది ఆయనదీ ఒకటే గల్లీ, పిలుపు కాక. బస్సుల్లో చూసిన మనుషుల గురించి ఆయన చెప్పడం మొదలుపెడితే సాయన్న చాయ్ బండి దగ్గర చాయ్ చల్లారిపోయేది. ఆ ముచ్చట్లు ఊరికే గాల్లో పోతున్నాయని, రెండేళ్ళ కింద మహేశ్వరే ఆయనను కొట్లో రెండో కంప్యూటరు ముందు కూచోబెట్టి బ్లాగు తెరిచిచ్చాడు. దానికి 'చిల్లర ముచ్చట్లు' అని పేరు పెట్టుకున్నాడు కాక. రోజూ సాయంత్రం వచ్చి ఒంటివేలితో టక్కుటక్కుమని కొట్టుకునేవాడు. పట్నంలో కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు మొదలుకొని ఎక్కడెక్కడివాళ్ళో చదివి, ఇంకా రాయండి అని వెంటపడేవాళ్ళు.

ముచ్చట బంగారమే. దాని అవతారమే అవతారం. ఎర్రటి బ్యాక్‌గ్రౌండు మీద పచ్చటి అక్షరాలు. పైన అటూ ఇటూ గిరగిరా తిరిగే భూగోళాలు. పక్కన గడియారం. మౌసు ఎటు కదిపితే అటు రాలే పూలు. అంతా మహేశ్వర్ చేతి చలవే.

ఆ నెలలో పట్నంలో తెలుగు బ్లాగర్లంతా ఒక పార్కులో కలుసుకుంటే కాక కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. అందరూ చుట్టూ చేరి ముచ్చట్లు చెప్పించుకున్నారు. చివర్లో ఎవరో అమ్మాయి నవ్వుతూ, మీ బ్లాగు చదవాలంటే ముందు నల్లద్దాలు పెట్టుకోవాలండీ అన్నదట. మిగతావాళ్ళు కూడా నవ్వారట. కాక ఆ రాత్రి బస్సులో కిటికీ పక్కన కూచుని కూడా బయటికి చూడలేదు. మరునాడు కొట్టుకు వచ్చి, తన ముచ్చట మంచిగుందట గాని తన దుకాణమే మంచిగా లేదటని చెప్పి, జర దాని మొహం మార్చరా అన్నాడు.

ఆ మాట మహేశ్వర్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పట్నపోళ్ళు నవ్వింది కాకను కాదు, తనను. చూపిస్తా వాళ్ళకు, అనుకున్నాడు.

ఎర్ర బ్యాక్‌గ్రౌండు పీకేశాడు. భూగోళాలు, గడియారం, పూలు అన్నీ పోయాయి. రాత ఎడమకు, పాత ముచ్చట్ల వరస కుడికి పెట్టాడు. ఇక పైన పెద్ద బొమ్మ కావాలి. ఫైళ్ళన్నీ వెతికాడు. లీడర్ల ఫైలు మరీ గోలగా ఉంది, పుట్టినరోజుది పిల్లలది. జంగా వాళ్ళ పెద్దాయన కోసం మొన్ననే చేసిన ఫైలు ఒకటి కంటబడింది. లేత నీలం మబ్బులు, మధ్యలో గుడ్డు ఆకారపు చట్రం, తల వెనక నుంచి చీల్చుకొచ్చే వెలుగు, రెండు పక్కలా రెండు దీపాలు. తన చేతి పనిలో అంత నిమ్మళంగా కుదిరింది ఇంకోటి లేదు. శ్రద్ధాంజలి అన్న అక్షరాలూ తేదీలూ తీసేసి, పెద్దాయన మొహం ఉన్నచోట కాక మొహం పెట్టాడు. పొద్దస్తమానం అవే మబ్బులు చూసే కంటికి అవి ఎవరి మబ్బులో పట్టింపే లేకుండా పోయింది. పెళ్ళి మేళం, చావు డప్పు రెండూ వాయించేవాడికి చెవులు మొద్దుబారినట్టు, అతని కళ్ళు మొద్దుబారిపోయాయి.

కాక పక్కనే స్టూలు మీద కూచుని చూస్తూ మురిసిపోయాడు. దేవుని లెక్క చేసినవ్ గదరా అన్నాడు.

ఫొటో కింద చిన్న డబ్బా ఒకటి పెట్టాడు మహేశ్వర్. మొదటి లైనులో పేరు, రిటైర్డ్ కండక్టర్ అని. రెండో లైనులో ఇబ్రహీంపట్నం అని. రెండు లైన్లకు డబ్బా నిండలేదు. కింద జాగా బోసిగా ఉండిపోయింది. అలాంటి బోసి జాగా చూస్తే అతనికి కూడు సహించదు.

"ఇంకో లైన్ చెప్పు కాకా. జాగా మిగిలింది."

కాక ఆలోచించాడు. ఏం చెప్పాలె, ఇంట్ల నేను, మీ చిన్నమ్మ, అంతే గదా అన్నాడు. అది రెండు లైన్లవుతుంది, డబ్బా దాటిపోతుందన్నాడు మహేశ్వర్. కాక గోడకేసి చూశాడు.

"సంతానం లేదు అని పెట్టు."

మహేశ్వర్ వేళ్ళు ఆగాయి. ఆగడం మాత్రం ఆగాయి.

వీరస్వామికి కూతురుంది. ఒక్కతే, పూజిత. తోడబుట్టినవాళ్ళు లేరని ఏటా రాఖీ పున్నానికి ఇంటికి వచ్చి మహేశ్వర్ చేతికే రాఖీ కట్టేది. నర్సు చదువు చదివి, వేరే కులం పిల్లవాడిని చేసుకుంది. ఆ రోజు కాక గల్లీ మధ్యలో నిలబడి, 'నేను సచ్చినా నా గడప తొక్కొద్దు' అని అరిచాడు. అందరూ విన్నారు. గోడ ఇవతల నిలబడి మహేశ్వర్ కూడా విన్నాడు. ఆ తర్వాతి ఏడు సూర్యాపేట నుంచి కొట్టు అడ్రసుకు పోస్టులో రాఖీ వచ్చింది. రోజూ సాయంత్రం కాక వచ్చి కూచునే కొట్టు. చేతికి కట్టుకుంటే ఎవరిదని అడుగుతాడని, దాన్ని డ్రాయరులో వైర్ల కింద పడేశాడు. అందింది అని ఒక ఫోనైనా చేయలేదు. మరుసటి ఏడు రాఖీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు కూడా, ఏమాటకామాట చెప్పుకోవాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ పేరు నోటిదాకా వచ్చింది. అదేంది కాకా, పూజిత లేదా అని ఒక్క మాట అనడానికి ఎంత సేపు? కాక అలిగి వెళ్ళిపోతాడేమో, మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోతుందేమో అనిపించింది. టైపు చేశాడు. మధ్యకు జరిపాడు. అక్షరాలు కొంచెం లావు చేశాడు. డబ్బా నిండుగా, లక్షణంగా వచ్చింది.

బ్లాగు అడుగున ఎప్పటిలాగే తన కొట్టు పేరూ ఫోన్ నంబరూ వేసి, కొత్త మొహాన్ని లోకం మీదికి వదిలాడు.

మరునాడు తెల్లారకముందే కాక, ఆయన భార్య నాగులమ్మ శ్రీశైలం బస్సెక్కారు. దేవుని దగ్గర ఫోనెందుకని కాక దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి కామెంట్లు రావడం మొదలైంది. నమ్మలేకపోతున్నానండీ అని ఒకరు. చూడగానే నోట మాట రాలేదని ఇంకొకరు. మహేశ్వర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మొన్న నవ్వినోళ్ళకు ఇప్పుడు నోట మాట రావట్లేదు చూడు అని సాయన్నతో చెప్పుకుని మురిసిపోయాడు. ఫోన్లు కూడా వచ్చాయి. గొంతు తగ్గించి, వీరస్వామి గారిది నిజమేనా అని అడిగితే, నిజమే సార్, మొత్తం మనమే చేసినం అని జవాబిచ్చాడు. అవతలివాళ్ళు ఏమీ అనకుండా ఫోను పెట్టేస్తుంటే, కొత్త గిరాకీలు ఆలోచించుకుంటున్నారనుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దున చాయ్ గ్లాసుతో లోపలికొచ్చిన సాయన్న తెరకేసి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. సాయన్నకు సంతకం తప్ప చదువు రాదు.

"అరె మహేశ్, కాక ఎప్పుడు పోయిండురా? నిన్న శ్రీశైలం బస్సెక్కిండని చెప్పిన్రు గద."

మహేశ్వర్ తెర చూశాడు. తర్వాత బయటికి చూశాడు. రోడ్డు అవతల స్తంభానికి జంగా వాళ్ళ పెద్దాయన వేలాడుతున్నాడు. అవే మబ్బులు, అదే వెలుగు, అవే దీపాలు. మొహం ఒక్కటే వేరు. చదువు రాని మనిషికి గుమ్మంలోంచే తెలిసింది తనకు మూడు రోజులుగా తెలియలేదు. రాత్రి వచ్చిన కామెంట్లు కూడా కలిపి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కండక్టర్ గారి ఆత్మకు శాంతి కలగాలి, నాగులమ్మ గారికి ఆ దేవుడే ధైర్యమివ్వాలి, పిల్లలు కూడా లేరట పాపం. ఒక్కో మాటా చెంపదెబ్బే. తల తీసేసినట్టయింది.

గబగబా ఆ బొమ్మ తీసేయబోతుంటే ఫోను మోగింది.

"మహేశన్నా, నేను పూజితను. మా బాపు ఎన్నడు పోయిండు?"

ఆ గొంతు ఎన్నేళ్ళకు వినపడిందని. ఆ గొంతులో ఏడుపు అడ్డం పడుతోంది. బతికే ఉన్నడు పూజితా అంటే సరిపోయేది. ఒక్క ముక్క. మరి ఎవరు చేసిన్రు ఇది అని అడుగుతుంది. నేనే అని చెప్పాలి. రాఖీ అందిందా అని అడిగితే? అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఫోను కట్ చేశాడు. కట్ చేసిన చేతినే చూసుకుంటూ కూచున్నాడు. ముందు బొమ్మ తీసేద్దాం, తర్వాత ఫోను చేసి, నువ్వేదో పొరపాటుగా చూసినట్టున్నవ్ అందాం అనుకున్నాడు. సిగ్గుపడేవాడి బుద్ధి ఎప్పుడూ అటే పోతుంది.

మబ్బులు తీసేశాడు, దీపాలు తీసేశాడు, కాక క్షేమంగా ఉన్నారని పైన రాశాడు. ఆ నంబరుకు తిరిగి చేశాడు. అది సూర్యాపేటలో ఏదో ఆసుపత్రి నంబరు. ఎత్తినామె, పూజిత సిస్టర్ వాళ్ళ నాన్న చనిపోయాడట, బిడ్డనెత్తుకొని ఏడ్చుకుంటూ బస్టాండుకు పోయింది, మీరెవరు అని అడిగింది. మహేశ్వర్ పేరు చెప్పలేదు.

కొట్టు తెరిచే ఉంచి బస్టాండులోకి వెళ్ళి నిలబడ్డాడు. పట్నం నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పరుగెత్తాడు. తెలిసినవాళ్ళు ఎవరి కోసమని అడిగితే ఏదో నోటికొచ్చింది చెప్పాడు. పొద్దు కొంచెం వాలాక దిగింది పూజిత. చంకలో నిద్రపోతున్న పాప. తలకు పోసుకుని వచ్చినట్టుంది, జుట్టు ఇంకా ముడివేయలేదు. చావు కబురు వింటే ఏం చేయాలో అదంతా చేసి వచ్చింది. మహేశ్వర్ ఎదురెళ్ళి, ఆమె నోరు తెరవకముందే చెప్పేశాడు, కాక బతికే ఉన్నాడని, శ్రీశైలం పోయాడని, తప్పు తనదని.

ఆమె సిమెంటు బెంచీ మీద కూలబడింది. నిజమేనా అని రెండుసార్లు అడిగింది. నవ్వింది. ఆ నవ్వే ఏడుపై, పాప తల మీద కొంగు కప్పి చాలాసేపు ఏడ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. మహేశ్వర్‌కు ఏం చేయాలో తోచక సాయన్న బండి దగ్గర ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కొచ్చి, లేచి బిక్కమొహం వేసిన పాప చేతిలో పెట్టాడు. పక్కన నిలబడి మబ్బుల కథంతా చెప్పుకొచ్చాడు. జంగా వాళ్ళ ఫైలు, వెలుగు, దీపాలు, పట్నపోళ్ళు నవ్విన సంగతి. చెప్పేకొద్దీ తన మాటలు తనకే సొల్లుగా వినపడ్డాయి. ఆమె మధ్యలో ఆపింది.

"మబ్బులు పోనీ అన్నా. ఫొటో కింద సంతానం లేదని ఉంది గద, అది ఎవరు రాసిన్రు?"

"కాక చెప్పిండు."

"బాపు చెప్తడు. బాపుకు నా మీద కోపం. నీకేమైంది?"

మహేశ్వర్ దగ్గర ఉన్న జవాబు, జాగా మిగిలిందని. అది నోటితో చెప్పగలిగిన మాట కాదు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది, కాని బస్టాండు సిమెంటు ఎక్కడా చీలలేదు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. రాత్రి డ్యూటీలో ఆసుపత్రి కంప్యూటరులో బాపు రాసిన ప్రతి ముచ్చటా చదువుతుందట. ఎవరెవరి పిల్లల గురించో రాస్తాడు గదా, ఎప్పుడో ఒకసారి పేరు లేకుండానైనా తన ముచ్చట రాకపోతుందా అని చూస్తుందట. నిన్న రాత్రి తెరిస్తే పైన మబ్బుల్లో బాపు, కింద ఆ లైను. పోతూ పోతూ కూడా నన్ను లేదనే చెప్పిపోయిండనుకున్న అని చెప్పి, పాప మూతికంటిన బిస్కెట్ పొడి తుడిచింది.

సాయంత్రం కాక వస్తాడు, ఇంటికి వెళ్దాం, నేను కూడా వస్తాను అన్నాడు మహేశ్వర్. ఆమె తల అడ్డంగా ఊపింది.

"సచ్చిండంటే వచ్చిన. పీనుగు వద్దనదు గద. బతికున్న మనిషి వద్దన్న ఇంటికి ఎట్ల పోవాలె?"

లేచి జుట్టు ముడివేసుకుంది. తాను వచ్చినట్టు చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. బస్సెక్కి కూచున్నాక కూడా అతని వైపు కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే కొంచెం బాగుండేది.

దీపాలు పెట్టే వేళకు కాక, నాగులమ్మ దిగారు. ఇంటికి కూడా పోకుండా సంచులతో సహా కొట్టుకే వచ్చారు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, కాక మొహమంతా నవ్వే.

"ఏంరా, నన్ను సంపినవట?"

మహేశ్వర్ కాళ్ళు పట్టుకోబోతే కాక భుజం చరిచి లేపాడు. నూరేళ్ళ ఆయుష్షు పోసినవ్‌రా అన్నాడు. స్టూలు మీద కూచుని, వచ్చిన కామెంట్లన్నీ చదివించుకున్నాడు. ఎవరు ఎంత బాధపడ్డారో ఒక్కొక్కటే విని తల ఊపాడు. నల్లద్దాలన్న అమ్మాయి రాసిన నాలుగు మాటలు రెండోసారి చదవమన్నాడు. బతికుండగా తన సంతాపం తానే వినే భాగ్యం ఎవనికి దక్కుతదని నాగులమ్మతో అన్నాడు. ఆమె గుమ్మం దగ్గర కూచుని ప్రసాదం సంచి ముడి విప్పుకుంటోంది. తప్పు ఇంత తేలిగ్గా తెగిపోతుందని మహేశ్వర్ అనుకోలేదు. అలా తెగిపోవడమే అతనికి మింగుడు పడలేదు.

కామెంట్లు అయిపోయాయి. కాక గోడకేసి, మొన్న డబ్బా నింపిన రోజు చూసినట్టే చూస్తూ అడిగాడు.

"ఇంకెవ్వలన్న ఫోన్ చేసిన్రా?"

సంచి ముడి మీద నాగులమ్మ వేళ్ళు కూడా ఆగాయి.

చేతిలో చెయ్యి వేసిన మాట గుర్తుకొచ్చింది మహేశ్వర్‌కు. ఇన్నేళ్ళూ చెప్పకుండానే ఉన్నాడు గదా. కాక ఎదుట ఆ పేరు ఎత్తకుండా, రాఖీ కట్టుకోకుండా, ఫోను కట్ చేసి, నోరు మూసుకుని చేసినదంతా చేశాడు. ఇంకా మూసుకుంటే ఇక అది తెరుచుకోదనిపించింది.

"పూజిత చేసింది కాకా. చేసుడు గాదు, వచ్చింది. తలకు పోసుకొని, బిడ్డనెత్తుకొని వచ్చింది. బతికున్నవని తెల్సి తిరిగి పోయింది."

కాక మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆరిపోయింది. ఎందుకు తిరిగి పోయిందని ఆయన అడగలేదు. తాను గల్లీలో అరిచిన మాట ఆయనకు గుర్తుంది. తెర వైపు తిరిగాడు. మబ్బులూ దీపాలూ పోయాయి గాని, తొందరలో మహేశ్వర్ ఆ డబ్బాను ముట్టనే లేదు. మూడు లైన్లూ అలాగే ఉన్నాయి, మూడోది లావుగా.

"ఆ లైన్ తియ్యిరా" అన్నాడు గొంతు లోపలే.

"ఏం లైన్ అది?" అంది నాగులమ్మ.

ఆమె లేచి వచ్చి తెర ముందు నిలబడింది. ఆమెకు అక్షరాలు రావు. రెండేళ్ళుగా పెనిమిటి ఈ కంప్యూటర్లో ఏం రాస్తున్నాడో, ఊళ్ళోవాళ్ళు చెప్పి నవ్వితే నవ్వడం తప్ప ఆమెకు తెలియదు. బిగ్గర సదువు అంది మహేశ్వర్‌తో. మహేశ్వర్ కాక వైపు చూశాడు. కాక తల ఎత్తలేదు. ఇక తప్పక, ఒక్కో అక్షరం నాలుక మీద నిప్పులా పెట్టుకుని చదివాడు. వీరస్వామి, రిటైర్డ్ కండక్టర్. ఇబ్రహీంపట్నం. సంతానం లేదు.

నాగులమ్మ కేక వేయలేదు. ఏడవలేదు కూడా. వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కన్నది నేను. లేదని మీరిద్దరు కూసోని రాసిన్రా? నన్నొక్క మాట అడిగిన్రా?"

మబ్బులు పెట్టినందుకు ఊరంతా నవ్వి వదిలేసింది. ఈ మాట నవ్వి వదిలేసేది కాదని మహేశ్వర్‌కు తెలుసు. ఇన్నాళ్ళూ తాను కాకకు భయపడ్డాడు, పని ఆగిపోతుందని భయపడ్డాడు, పూజిత బాధపడుతుందని కూడా ఎప్పుడో ఒకసారి అనుకున్నాడు. చిన్నమ్మ ఒకతి ఉందని, ఆ లైను ఆమె కడుపు మీద రాసినట్టని మాత్రం ఒక్కసారైనా తట్టలేదు.

"మనుమడా, మనుమరాలా?" అని అడిగింది ఆమె.

"మనుమరాలు చిన్నమ్మా."

"పేరేంది?"

మహేశ్వర్ బెంచీ దగ్గర అంతసేపు నిలబడ్డాడు. మబ్బుల గురించి, ఫైళ్ళ గురించి, తన గురించి అంత చెప్పాడు.

"అడుగలే చిన్నమ్మా."

"బిస్కెట్లు ఇచ్చిన అని గూడ చెప్తవ్ ఇగ" అంది. ఆ సంగతి ఆమెకు ఎలా తెలుసో! అలాంటివాళ్ళు అలాంటప్పుడు ఏం చేస్తారో ఆమెకు తెలుసు, అంతే.

ప్రసాదం సంచి టేబులు మీద పెట్టి, ఫోన్ కలుపు అంది. మహేశ్వర్ ఆసుపత్రి నంబరుకు చేశాడు. పొద్దున పేరు చెప్పని నోటితోనే ఇప్పుడు పేరు చెప్పి, పూజిత సిస్టర్ చేరిందా అని అడిగాడు. ఇప్పుడే వచ్చింది, పిలుస్తా అన్నారు. ఫోను కాక వైపు చాపాడు. కాక రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. అవతల హలో, హలో అని వినపడుతుంటే నాగులమ్మ ఫోను లాక్కుంది.

ఆమె ఏం మాట్లాడుతుందో వినే ధైర్యం లేక ఇద్దరూ బయటికి వచ్చి కొట్టు మెట్టు మీద కూచున్నారు. ఎదురుగా స్తంభం మీద జంగా వాళ్ళ పెద్దాయన మబ్బుల్లోంచి చల్లగా చూస్తున్నాడు. కాక ఒకసారి అటు చూసి కళ్ళు దించుకున్నాడు. మహేశ్వర్ ఆయన వైపు చూడలేదు, ఆయనా ఇటు చూడలేదు. లోపల నాగులమ్మ గొంతు ఒకసారి పైకి లేచి, మళ్ళీ తగ్గి, తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. చిన్నపిల్లతో మాట్లాడుతున్నట్టు ముద్దుముద్దుగా ఏదో పేరు రెండు మూడుసార్లు పలికింది. ఆ పేరేమిటో వీళ్ళకు సరిగా వినపడలేదు. లేచి వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు.

కాసేపటికి ఆమె ఫోను చేత్తో మూసి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పూజిత మాట్లాడతదట. మీ ఇద్దర్ల ఎవరికి మొఖముంటే వాళ్ళు లేచి రాన్రి."

ఇద్దరిలో ఎవరూ లేవలేదు.